శంషాబాద్ నుంచి ఎంత దూరం, ఎంతసేపు?

శంషాబాద్ నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గంలో 511 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే ఎ320 రకం విమానం పూర్తి వేగం అందుకున్నాక గంటకు దాదాపు 830 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 37 నిమిషాలు వస్తుంది. టికెట్ మీద మాత్రం గంటా పదిహేను, గంటా ఇరవై అని ఉంటుంది. మియాపూర్‌లో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ఎంవీపీ కాలనీలో గేటు తీసేదాకా చూస్తే ఐదు గంటలు దాటుతుంది. మూడూ నిజమైన లెక్కలే, కాకపోతే మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకదాని జవాబు తీసుకెళ్లి ఇంకోదానికి వాడితేనే చిక్కు. కనెక్షన్ విమానం తప్పిపోవడం, విజయవాడకు బస్సెక్కినవాళ్ల కంటే విమానమెక్కినవాళ్లు ఆలస్యంగా చేరడం, దుబాయ్ నుంచి వచ్చేవాళ్ల కోసం గంటన్నర ముందే పోయి అరైవల్స్ దగ్గర నిలబడటం, అన్నీ అక్కడే పుడతాయి.

దూరం ఎలా వస్తుంది

గ్లోబు మీద రెండు ఊళ్ల దగ్గర దారం పెట్టి బిగించి లాగితే అది ఎటు పడుతుందో, విమాన దూరం అంటే ఆ దారం పొడవు. భూగోళశాస్త్రంలో దీన్ని మహావృత్తపు దారి అంటారు. దగ్గరి ఊళ్లకు పెద్ద గణితం అక్కర్లేదు, బడిలో చెప్పిన పైథాగరస్ చాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కి.మీ. రేఖాంశంలో డిగ్రీ మాత్రం ధ్రువాల వైపు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. హైదరాబాద్, విశాఖలు ఉన్న అక్షాంశం దగ్గర అది 106 కి.మీ. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖలో నావికాదళం వారి డేగా విమానాశ్రయం 17.72, 83.22 దగ్గర ఉంది. తేడాలు 0.48, 4.79. మొదటిదాన్ని 111తో గుణిస్తే 53 కి.మీ., రెండోదాన్ని 106తో గుణిస్తే 508 కి.మీ. రెంటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 511 దగ్గర తేలుతుంది. కాగితం మీద రెండు నిమిషాల పని.

ఇలాగే చూస్తే శంషాబాద్ నుంచి గన్నవరం 264, తిరుపతి 419, బెంగళూరు 456, ముంబయి 622, ఢిల్లీ 1,265 కి.మీ. దుబాయ్ సుమారు 2,550, లండన్ హీత్రో సుమారు 7,750 కి.మీ. చివరి రెండింటికీ పైథాగరస్ పనికిరాదు. అంత దూరంలో భూమి వంపు లెక్కలోకి వస్తుంది కాబట్టి గోళ త్రికోణమితి వాడాలి.

వంపు ఎంత పని చేస్తుందో చూడాలంటే షికాగో దారి చూడాలి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి అక్కడికి నేరు విమానం మొదలుపెట్టి కొంతకాలం నడిపింది. గోడకు తగిలించిన మ్యాపులో షికాగో మనకు పడమట, అట్లాంటిక్ అవతల కనిపిస్తుంది. గ్లోబు మీద దారం లాగితే అది శంషాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. సరిగ్గా ఉత్తరం నుంచి పడమరకు 12 డిగ్రీల వంపు, అంతే. కశ్మీర్, కజకిస్తాన్, ఉరల్ పర్వతాలు దాటి గ్రీన్‌లాండ్ సముద్రం మీద 79వ అక్షాంశం అందుకుని, అక్కడినుంచి గ్రీన్‌లాండ్, హడ్సన్ అఖాతం మీదుగా కిందికి దిగుతుంది. అంటే ఉత్తర ధ్రువానికి 11 డిగ్రీల దూరంలోంచి. మొత్తం 13,280 కి.మీ. చదును మ్యాపు చూసి లెక్కేసేవాళ్లెవరూ ఈ దారి ఊహించలేరు.

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ఒకదానికొకటి సరిపోకపోవడానికి కొన్ని మామూలు కారణాలున్నాయి. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్థం ఉన్న నిండు గోళంగా తీసుకుంటే ఢిల్లీ 1,265 వస్తుంది. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న అసలు ఆకారం తీసుకుంటే నాలుగైదు కిలోమీటర్లు తగ్గుతుంది. కొన్ని సైట్లు విమానాశ్రయం నుంచి కాకుండా ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. కొన్నింటిలో పాత బేగంపేట విమానాశ్రయమే ఉంటుంది. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు మారాయి, రెంటికీ మధ్య 24 కి.మీ. తేడా. ఇక యూనిట్లు చూడండి. 1,265 కి.మీ. అంటే 786 మామూలు మైళ్లు, 683 నాటికల్ మైళ్లు. పైలట్లు వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కి.మీ. ఇవన్నీ చిన్న తేడాలు. పెద్ద పొరపాటు ఒకటుంది. పెట్టెలో ఉత్త "హైదరాబాద్" అని కొడితే కొన్నిసార్లు పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ వస్తుంది. దాని కోడ్ హెచ్‌డీడీ, మనది హెచ్‌వైడీ. దుబాయ్ దూరం 2,550కి చాలా తక్కువగా కనిపిస్తే ముందు ఈ కోడ్ చూసుకోవాలి.

ఆ నలభై నిమిషాలు

విమాన సంస్థలు టికెట్ మీద వేసే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, దిగిన ఊళ్లో నిలిచి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. గాలిలో ఉన్నది అందులో ఒక భాగమే. మన దేశంలోని దారులకు ఒక సులువైన సూత్రం బాగా పనిచేస్తుంది: 40 నిమిషాలు పక్కన పెట్టి, ప్రతి 100 కి.మీ.కి 7.2 నిమిషాల చొప్పున కలపాలి. విశాఖకు 37 ప్లస్ 40, 77 నిమిషాలు. బెంగళూరుకు 73. ముంబయికి 85. ఢిల్లీకి 131, అంటే రెండు గంటలా పదకొండు నిమిషాలు. టికెట్ల మీద ఉండే సమయాలకు ఇవి ఐదు పది నిమిషాల తేడాలో సరిపోతాయి.

నలభైలో పెద్ద ముక్క నేల మీదే పోతుంది. పుష్‌బ్యాక్ ట్రాక్టర్ విమానాన్ని వెనక్కి నెట్టడం, ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి రాజేయడం, అవి వేడెక్కేదాకా ఆగడం, రన్‌వే కొసదాకా పాకడం, ముందున్న విమానం లేచేదాకా నిలబడటం, అన్నీ కలిపి 15 నిమిషాలు. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్ల పొడవు కాబట్టి ఏ కొస వాడుతున్నారన్న దాన్ని బట్టి పాకే దూరమే మారిపోతుంది. దిగాక గేటు చేరడానికి మరో ఐదు నుంచి పది.

తర్వాత ఎక్కడం, దిగడం. పదివేల అడుగుల లోపు వేగం 250 నాట్లు, అంటే 463 కి.మీ. దాటకూడదన్న నియమం ఉంది. 35,000 అడుగులు ఎక్కడానికి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది, ఆ లోపల సుమారు 200 కి.మీ. గడిచిపోతాయి. దిగడం కూడా గమ్యానికి 200 కి.మీ. ముందే మొదలవుతుంది. పైలట్లు నోటిలెక్కగా ఎత్తులోని వేల అడుగుల్ని మూడుతో గుణిస్తారు. 35 వేలైతే 105 నాటికల్ మైళ్ల ముందు కిందికి వంచాలి. కాబట్టి 511 కి.మీ. విశాఖ ప్రయాణంలో పూర్తి వేగంతో సమంగా పోయేది వంద కిలోమీటర్ల పైచిలుకే. కాఫీ కప్పులు ఇస్తూనే ఖాళీవి తీసుకుపోవడం అందుకే.

మిగిలిన ఎనిమిది పది నిమిషాలు దారి మలుపులవి, ఇవి అచ్చంగా గాలివాటం మీద ఉంటాయి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేవాలి, ఎదురుగానే దిగాలి. వానాకాలంలో గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి విమానాలు పడమర ముఖంగా దిగుతాయి. విశాఖ నుంచి వచ్చేది తూర్పు నుంచే వస్తుంది కనుక దాదాపు తిన్నగా వచ్చి వాలిపోతుంది. చలికాలంలో తూర్పుగాలి ఉన్నరోజు అదే విమానం విమానాశ్రయం పక్కగా దాటిపోయి, పడమట వెనక్కి తిరిగి తూర్పు ముఖంగా దిగాలి. ఆ తిరుగుడు 30, 40 కి.మీ. అదనం. కిటికీలోంచి ఔటర్ రింగ్ రోడ్డు కనిపించిన తర్వాత కూడా పది నిమిషాలు దిగకపోతే చాలామంది ఏదో ఆలస్యం అనుకుంటారు. ఆ రోజు గాలి తూర్పుది, అంతే.

ఎ320కి పని చేసే సూత్రం ఏటీఆర్‌కు పని చేయదు. పంకాలున్న ఏటీఆర్ 72 వేగం గంటకు 500 కి.మీ. దగ్గర ఉంటుంది, కాబట్టి 100 కి.మీ.కి 12 నిమిషాలు పడుతుంది. అది తక్కువ ఎత్తులో పోతుంది గనుక ఎక్కి దిగడంలో పోయేది తక్కువ. 40కి బదులు 30 వేసుకోవచ్చు. గన్నవరానికి 32 ప్లస్ 30, గంట చిల్లర. ఒకే దారిలో రెండు విమానాలు వేర్వేరు సమయాలు చూపిస్తే టికెట్ వివరాల్లో విమానం రకం చూడాలి.

ఇక సంస్థలు తమకు తాముగా కలుపుకునే కొసరు. షెడ్యూలు కంటే 15 నిమిషాల లోపు తేడా ఉంటే ఆ విమానం సమయానికి నడిచినట్టే లెక్క. ప్రధాన విమానాశ్రయాల్లో ఏ సంస్థ ఎంతమేరకు సమయం పాటించిందో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నెలనెలా ప్రకటిస్తుంది. ఆ పట్టికలో వెనకబడకుండా ఉండేందుకు రద్దీ వేళల్లో బ్లాక్ టైమ్‌ను పది, పదిహేను నిమిషాలు సాగదీస్తారు. ఇది మోసం కాదు, సాయంత్రం ఢిల్లీ మీద చక్కర్లు కొట్టక తప్పదని తెలిసినవాళ్ల జాగ్రత్త. కానీ ఆ అంకె చూసి విమానం నెమ్మదిగా పోతుందనుకోవడం పొరపాటు.

గాలి ఎటు, దారి ఎటు

లోపలి దారుల్లో గాలి వల్ల వచ్చే తేడా నాలుగైదు నిమిషాలే. గల్ఫ్ దారిలో అసలు కథ మొదలవుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా, 25 నుంచి 30 డిగ్రీల అక్షాంశాల మధ్య, పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే గాలి పై ఎత్తుల్లో వేగంగా వీస్తుంది. దాని అంచు దుబాయ్ దారికి తగులుతుంది. సగటున 90 కి.మీ. గాలి ఉందనుకుందాం. పోయేటప్పుడు అది ఎదురుగాలి, నేల మీద కొలిస్తే వేగం 840 నుంచి 750కి పడిపోతుంది. వచ్చేటప్పుడు వెనకగాలి, 930కి పెరుగుతుంది. సమంగా ఎగిరే భాగం 2,000 కి.మీ. అనుకుంటే పోవడానికి 2 గంటల 40 నిమిషాలు, రావడానికి 2 గంటల 9 నిమిషాలు. అరగంట తేడా గాలిదే. వానాకాలంలో దక్షిణాది మీద పై ఎత్తుల్లో తూర్పు నుంచి పడమరకు వీచే మరో జెట్ ప్రవాహం ఉంటుంది కాబట్టి అప్పుడు ఈ తేడా బాగా తగ్గిపోతుంది.

ఢిల్లీ దారి ఉత్తర దక్షిణాలు. అక్కడ జెట్ ప్రవాహం పక్క నుంచి తగులుతుంది. పక్కగాలి ఏం చేస్తుందిలే అనుకోవచ్చు, కానీ కొట్టుకుపోకుండా ఉండాలంటే విమానం ముక్కును గాలివైపు కాస్త తిప్పి పోవాలి. 450 నాట్ల వేగానికి 100 నాట్ల పక్కగాలి తగిలితే ముందుకు మిగిలేది 439. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నష్టమే, కాకపోతే చిన్న నష్టం.

దూరానికీ సమయానికీ ఉన్న లంకెను పూర్తిగా తెంచిన ఉదాహరణ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో. ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. నడిపేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మార్చింది. దారి 15,300 కి.మీ.కి పెరిగింది. సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి విమానానికి కలిసొస్తుందని కొందరు చెబుతారు. అది తప్పు. భూమితోపాటు గాలీ, గాలితోపాటు విమానమూ తిరుగుతాయి. కలిసొచ్చేది వెనకగాలి.

గాలి దారి మళ్లిస్తుంది సరే, మనుషులు కూడా మళ్లిస్తారు. ఆకాశంలో ఎటుపడితే అటు పోవడానికి లేదు. 2020 మేలో కేంద్ర ప్రభుత్వం స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం దేశ గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉండేది. ఆంక్షలు సడలిస్తే ఏటా వెయ్యి కోట్ల రూపాయలు మిగులుతాయని అప్పుడు అంచనా వేశారు. హైదరాబాద్ చుట్టూ చూసినా దుండిగల్‌లో వైమానికదళ అకాడమీ, హకీంపేటలో మరో శిక్షణ స్థావరం, పడమట బీదర్ ఉన్నాయి. వాటికి కేటాయించిన ఆకాశాన్ని తప్పించి పోవాలి. సరిహద్దు అవతలి సంగతి ఇంకా పెద్దది. పాకిస్తాన్ తన గగనతలాన్ని 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా మూసేసింది. 2025 ఏప్రిల్ 24న భారతీయ సంస్థల విమానాలకు మళ్లీ మూసేసింది. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే విమానం అరేబియా సముద్రం మీదుగా పోగలదు కాబట్టి దానికి దెబ్బ తక్కువ. ఢిల్లీ మారి యూరప్ పోయేవాళ్లకు దెబ్బ ఎక్కువ. కాబట్టి ఐదేళ్ల కిందటి ప్రయాణ సమయాన్ని గుర్తుపెట్టుకుని ఇప్పుడు కనెక్షన్ కట్టుకోకూడదు.

గడియారం తికమక

టికెట్ మీద బయలుదేరే సమయం మన ఊరిది, చేరే సమయం వాళ్ల ఊరిది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. శంషాబాద్‌లో ఉదయం 10:00కి లేచి అక్కడ 12:20కి దిగితే ప్రయాణం 2 గంటల 20 నిమిషాలు కాదు, గంటన్నర కలిపి 3:50. తిరుగు ప్రయాణంలో రాత్రి 10:00కి లేచి మన 3:00కి దిగితే ఐదు గంటలనిపిస్తుంది, గంటన్నర తీసేస్తే 3:30. షికాగో చలికాలంలో మనకు పదకొండున్నర గంటలు వెనక, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు వెనక. అక్కడ గడియారం మారే ఆ వారాల్లో తల్లిదండ్రుల్ని ఎక్కించి, అక్కడున్న పిల్లలకు సమయం చెప్పేవాళ్లు తేదీని కూడా కలిపి చెప్పడం మేలు. అర్ధరాత్రి 12:30 విమానం అంటే ముందురోజు రాత్రే ఇంట్లోంచి బయలుదేరాలన్నది మరిచి టికెట్ పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

రోడ్డుతో పోలిస్తే

ఎల్బీనగర్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారిలో బస్సుకు ఐదు గంటలు. విమానంలో అయితే శంషాబాద్ చేరడానికి ముప్పావు గంట నుంచి గంట, అక్కడ రెండు గంటల ముందు ఉండటం, గంట చిల్లర ప్రయాణం, సామాను కోసం ఇరవై నిమిషాలు, గన్నవరం నుంచి బెంజ్ సర్కిల్‌కు మరో నలభై. అదీ ఐదు గంటలే. విజయవాడకు విమానం ఎక్కాల్సింది సమయం కోసమైతే కాదు, అవతల మరో విమానం పట్టుకోవాల్సినప్పుడే. విశాఖ అలా కాదు. రోడ్డు 600 కి.మీ. దాటుతుంది, సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌కు కూడా సుమారు ఎనిమిదిన్నర గంటలు. ఐదు గంటల విమానం అక్కడ స్పష్టంగా గెలుస్తుంది. తిరుపతి మధ్యలో ఉంటుంది. రాత్రి రైల్లో నిద్రపోగలిగేవాళ్లకు పగలు మిగిలేది రైల్లోనే.

బ్లాక్ టైమ్ డబ్బుతో ముడిపడిన చోటు కూడా ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. డీజీసీఏ నిబంధనల్లో ప్రయాణికుడి హక్కు కొలిచేది దూరంతో కాదు, బ్లాక్ టైమ్‌తో. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యమైతే తిండి, పానీయాలు ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణానికి మూడు గంటల ఆలస్యం దాటాలి. ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలకు 7,500, రెండు గంటలు దాటితే 10,000. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినంత, రెంటిలో ఏది తక్కువైతే అది. కాబట్టి విశాఖ, బెంగళూరు, ముంబయిలు 7,500 గడిలోకి, ఢిల్లీ 10,000 గడిలోకి వస్తాయి. వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ నియంత్రణ లాంటి కారణాలైతే ఈ పరిహారం వర్తించదు.

ఆలస్యం ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే విమానం ఎంచుకోవడం సులువు. ఒకే విమానం రోజుకు ఐదారు ట్రిప్పులు తిరుగుతుంది, ఊరికీ ఊరికీ మధ్య దానికి దొరికే విరామం 30, 35 నిమిషాలే. పొద్దున పోయిన ఇరవై నిమిషాలు రాత్రికి గంటవుతుంది. అందుకే తెల్లవారుజామున లేచే మొదటి విమానం సాధారణంగా నమ్మకమైనది. ఢిల్లీకి డిసెంబరు చివర, జనవరిలో మాత్రం ఇది తిరగబడుతుంది, పొగమంచు తెల్లవారుజామునే దట్టంగా ఉంటుంది కాబట్టి. ఢిల్లీ రన్‌వేల మీద 50 మీటర్ల దూరమే కనిపిస్తున్నప్పుడూ దిగే ఏర్పాట్లున్నా, ఆ శిక్షణ ఉన్న పైలట్లు, ఆ పరికరాలున్న విమానం కూడా కావాలి. ఆ నెలల్లో మధ్యాహ్నానికి చేరే విమానమే మంచిది. ఫ్లైట్‌రాడార్24లో విమానం నంబరు కొట్టి గత ఏడు రోజులు నిజంగా ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో చూస్తే టికెట్ మీది అంకె కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఉదయం 6:00 ఢిల్లీ విమానానికి కూకట్‌పల్లి నుంచి వెనక్కి లెక్కేస్తే ఇలా ఉంటుంది. గేటు మూసేది 5:35. సామాను కౌంటర్ మూసేది 5:00. సామాను ఉంటే 4:15కి టెర్మినల్ తలుపు దగ్గర ఉండాలి. ఔటర్ మీదుగా సుమారు 40 కి.మీ., ఆ వేళకు రోడ్డు ఖాళీ, గంట చాలు. క్యాబ్ రావడానికి పావుగంట కలుపుకుంటే 3:00కి బుక్ చేయాలి. చేతిసంచి ఒక్కటే ఉండి, వెబ్ చెకిన్, ముఖం గుర్తించి లోపలికి పంపే డిజియాత్ర నమోదు పూర్తయి ఉంటే 3:30కి బుక్ చేసినా సరిపోతుంది.